బావకి తలలో గడ్డ అన్నారు, ఎమ్మారైలో హై గ్రేడ్ గ్లయోమా అని అనుమానం రాశారు. తెలిసినవాళ్ళు చెప్పండి

కిన్నెరసాని | మంగళవారం రాత్రి 11:42
అందరికీ నమస్తే. మాది కొత్తగూడెం దగ్గర. మా బావకి 43 ఏళ్ళు, స్కూల్ బస్సు నడుపుతాడు. మొన్న తెల్లవారుజామున నిద్రలో ఫిట్స్ వచ్చినయి. మొదట కుడి చెయ్యి కొట్టుకుంది, తర్వాత ఒళ్ళంతా. పక్కింటివాళ్ళు తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టారు. ఆగినాక కూడా చాలాసేపు మాట రాలేదు. ఇంతకుముందు బీపీ, షుగరు ఏమీ లేవు. కాకపోతే కొన్ని నెలలుగా ఊరికే విసుక్కుంటున్నాడనీ, చెప్పిన పని మర్చిపోతున్నాడనీ అక్క అంటోంది.

ఖమ్మంలో ఎమ్మారై తీయించాం. ఎడమ ఫ్రంటల్ లోబ్‌లో (మెదడు ముందు భాగం) 4.8 × 4.1 సెంటీమీటర్ల గడ్డ, చుట్టూ వాపు, మిడ్‌లైన్ షిఫ్ట్ (మెదడు మధ్యగీత పక్కకి జరగడం) 6 మిల్లీమీటర్లు, "హై గ్రేడ్ గ్లయోమా కావచ్చు" అని రాశారు. ఆ పేరు ఫోన్లో కొడితే ఏడాది, ఏడాదిన్నర అని వస్తోంది. అక్కకి ఇంకా చెప్పలేదు. పిల్లలు చిన్నవాళ్ళు. హైదరాబాదా, వెల్లూరా, బెంగళూరా? ఆపరేషన్ చేయించాలా వద్దా? ఎవరైనా కొంచెం దారి చూపించండి.

బెజవాడ_బుల్లోడు | మంగళవారం రాత్రి 11:58
ధైర్యంగా ఉండండి అక్కా. కానీ ఒక మాట చెప్తా, ఏమనుకోకండి. మా ఫ్రెండు వాళ్ళ బాబాయికి ఇలాగే అయితే ఆపరేషన్ చేయించారు. మూడు నెలల్లో అయిపోయింది. అలాంటి గడ్డకి కత్తి తగిలితే పాకుతుందంటారు. ఆలోచించుకోండి.

మొగలిరేకు | బుధవారం ఉదయం 6:10
బుల్లోడు గారూ, రాత్రి పన్నెండింటికి భయంతో అడిగిన మనిషికి ఇదా చెప్పేది? ఆ బాబాయికి ఏ రకం గడ్డో మీకు తెలుసా? వయసెంత, ఎక్కడుంది, బయాప్సీలో ఏమొచ్చింది? అవేవీ తెలియనప్పుడు ఆ మూడు నెలల లెక్క ఈ బావకి ఎట్లా వర్తిస్తుంది?

కిన్నెరసాని గారూ, మాది విశాఖ. మా ఆయనకి గ్లయోబ్లాస్టోమా, అంటే గ్లయోమాల్లో బాగా దూకుడైన రకం వచ్చింది. ఆ కథ తర్వాత చెప్తాను, ఇప్పుడు మీకది అనవసరం. ఫోన్లో వెతకడం ఆపి ఆ స్కాన్ సీడీ, ఫిల్ములు తీసుకుని న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్ళండి.

కత్తిగాటు | బుధవారం మధ్యాహ్నం 2:25
నేను న్యూరోసర్జరీ రెసిడెంట్‌ని. రిపోర్టు చూసి గడ్డకి పేరు నేను పెట్టను, మీరూ పెట్టుకోకండి. రేడియాలజిస్టు రాసింది అనుమానం. తేల్చేది పాథాలజిస్టు.

మన దగ్గర స్కాన్‌లో గడ్డలా కనబడేవన్నీ ట్యూమర్లు కావు. టీబీ గడ్డలుంటాయి, టేప్‌వార్మ్ తిత్తులుంటాయి, చీముగడ్డలుంటాయి. ఊపిరితిత్తి నుంచో రొమ్ము నుంచో పాకిన క్యాన్సర్ కూడా మొదట తలలోనే బయటపడొచ్చు. మీ బావ విషయంలో గ్లయోమా, అంటే మెదడులోని కణాల నుంచే పుట్టే గడ్డ అన్న అనుమానం సబబే. కానీ గ్లయోమాల్లో కూడా చాలా రకాలున్నాయి.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మార్చింది. పెద్దవాళ్ళలో గ్లయోబ్లాస్టోమా అనాలంటే ఇప్పుడు ఐడీహెచ్ జన్యువులో మార్పు లేదని తేలాలి. మార్పు ఉంటే అది ఆస్ట్రోసైటోమానో, ఒలిగోడెండ్రోగ్లయోమానో అవుతుంది. వాటి నడక వేరు, మందులకి లొంగే తీరు వేరు. ఫోన్లో మీకు కనబడిన ఏడాదిన్నర లెక్క గ్లయోబ్లాస్టోమాది.

43 ఏళ్ళ వయసు, నెలలుగా మెల్లగా మారిన స్వభావం, ఫ్రంటల్ లోబ్, ఫిట్స్‌తో బయటపడటం. ఇవన్నీ చూస్తే నేనైతే ముందు ఒకటి అడుగుతాను: సీటీ స్కాన్ తీశారా? అందులో కాల్షియం పేరుకుందని రాశారా? ఒలిగోడెండ్రోగ్లయోమాలో అది తరచుగా కనబడుతుంది.

ఈలోగా ఫిట్స్ మాత్ర ఇచ్చి ఉంటే ఒక్క పూట కూడా తప్పకూడదు. మళ్ళీ ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, తాళంచెవులతో పని లేదు. అయిదు నిమిషాలు దాటినా, వాంతులతో మగతగా అవుతున్నా నేరుగా క్యాజువాలిటీకి.

బుల్లోడు గారికి: గ్లయోమా కణాలు కత్తి కోసం ఎదురుచూడవు. స్కాన్‌లో కనబడే అంచు దాటి మెదడులోకి అవి ముందే పాకి ఉంటాయి. మెదడు దాటి వేరే అవయవాలకి పోవడం మాత్రం చాలా అరుదు.

తెనాలి_లక్ష్మి | బుధవారం సాయంత్రం 5:40
నాకు మెనింజియోమా తీసి చాలా ఏళ్ళయింది. నా ఫిల్ము చూసిన మొదటి డాక్టరు కూడా మొహం చిన్నబుచ్చుకున్నాడు. అది మెదడు పైపొరలో పుట్టే గడ్డ. తలలో మొదలయ్యే ట్యూమర్లలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది అదే, ఆడవాళ్ళకి మరీ ఎక్కువ, చాలావరకు క్యాన్సరు కాదు. ఇప్పుడు ఏటా స్కాన్ తీయించుకుంటున్నా, అంతే. మీ బావది ఇది కాదని తెలుస్తూనే ఉందనుకోండి. తలలో గడ్డ అనగానే అంతా ఒక్కటేనని జనం అనుకుంటారు, అందుకు రాశాను.

కిన్నెరసాని | గురువారం రాత్రి 9:15
హైదరాబాద్ వచ్చాం. సీటీలో కాల్షియం ఉందట! డాక్టరు గారు ఆపరేషన్ చేయాల్సిందే అన్నారు. ఫిట్స్‌కి లెవెటిరాసెటామ్, దాంతోపాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. తలనొప్పి ఒక్కరోజులో తగ్గింది, బావ లేచి తిరుగుతున్నాడు. మరి నయమైనట్టే కదా, ఆపరేషన్ ఎందుకు అంటున్నాడు మా పెదనాన్న. షుగరు మాత్రం 260కి పోయింది. విపరీతంగా ఆకలి, నిద్ర లేదు, చీటికీమాటికీ కోపం. మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తామంటున్నారు. అక్క అది విని కూలబడిపోయింది.

కత్తిగాటు | గురువారం రాత్రి 11:30
డెక్సా గడ్డని తగ్గించలేదు, చుట్టూ ఉన్న వాపుని తగ్గించింది. మందు తగ్గిస్తే వాపు తిరిగొస్తుంది. ఆకలి, నిద్ర లేకపోవడం, షుగరు ఆ మందు వల్లే. కోపానికి మాత్రం లెవెటిరాసెటామ్ కూడా కారణం కావచ్చు, డాక్టరుకి చెప్పండి, వేరే మాత్ర ఉంటుంది. డెక్సా మీరే ఆపేయకండి, మెట్లు మెట్లుగా తగ్గించాలి. దాంతోపాటు గ్యాస్ మాత్ర రాశారో లేదో చూసుకోండి.

మెలకువ ఆపరేషన్ గురించి. మెదడుకి నొప్పి తెలియదు. తల చర్మానికి మత్తు ఇంజక్షన్లు ఇస్తారు, తెరిచేటప్పుడు నిద్రలోనే ఉంచుతారు. గడ్డ దగ్గరికి చేరాక లేపి బొమ్మలు చూపించి పేర్లు అడుగుతారు, చెయ్యి ఎత్తమంటారు. అక్కడ చిన్న కరెంటుతో తాకినప్పుడు మాట ఆగితే ఆ చోటు వదిలేస్తారు. ఎడమ ఫ్రంటల్‌లో గడ్డ ఎక్కువ తీయాలి, మాట మిగలాలి అంటే ఇదే మంచి దారి. ఒక్కటి మర్చిపోకండి: బావ ఇంట్లో ఏ భాషలో మాట్లాడతాడో ముందే చెప్పండి. తెలుగు మాత్రమే వచ్చిన పేషెంటుని ఇంగ్లీషులో బొమ్మల పేర్లు అడిగితే ఆ పరీక్షకి అర్థం లేదు.

ఆపరేషన్ ఎందుకంటే, ముక్క తీసి పరీక్షకి పంపడానికి, ఒత్తిడి తగ్గించడానికి, ప్రమాదం లేనంత వరకు గడ్డ తీసేయడానికి. మొత్తం తీశాం అని ఏ సర్జన్ చెప్పినా 48 నుంచి 72 గంటల లోపు తీసే ఎమ్మారై చూశాకే నమ్మండి. మా బాసుతో సహా.

డాలస్_రావు | శుక్రవారం ఉదయం 7:05
ఇక్కడ అమెరికాలో టెమోజోలమైడ్ అనే కీమో మాత్ర, రేడియేషన్, తలకి తగిలించే ఎలక్ట్రిక్ ఫీల్డ్ పరికరం అన్నీ కలిపి ఇస్తున్నారు. 2017లో వచ్చిన ట్రయల్లో ఆ పరికరంతో మధ్యస్థ ఆయుష్షు 16 నెలల నుంచి 20.9 నెలలకి పెరిగింది. ఇండియాలో ఇంకా పాత పద్ధతే. వీలైతే బయటికి తీసుకురండి.

కత్తిగాటు | శుక్రవారం ఉదయం 8:50
రావు గారూ, ఆ ట్రయల్ గ్లయోబ్లాస్టోమాది, ఈయనకి అదని ఇంకా తేలలేదు. ఆ పరికరం రోజులో 18 గంటలు గుండు మీద పెట్టుకోవాలి, నెల ఖర్చు మామూలు కుటుంబం భరించేది కాదు. ఇక పాత పద్ధతి అంటున్నారే, 2005లో 573 మందితో చేసిన ట్రయల్ తర్వాత 60 గ్రే రేడియేషన్, టెమోజోలమైడ్ డాలస్‌లోనూ అదే, నిమ్స్‌లోనూ అదే. ఆ మాత్రలు మన దగ్గర జెనరిక్‌లో దొరుకుతున్నాయి. స్కూల్ బస్సు డ్రైవర్ని అమెరికా తీసుకురమ్మనడం కంటే ఇల్లు అమ్మమనడం తేలిక.

పాలమూరోడు | శుక్రవారం ఉదయం 10:20
అక్కా, పైసల ముచ్చట నేను చెప్త. మా నాయినకు తలల గడ్డ ఆపరేషన్ ఆరోగ్యశ్రీల చేపించినం. దవాఖానల ఆరోగ్యమిత్ర అని ఒక కౌంటర్ ఉంటది. అడ్మిట్ కాకముందే రేషన్ కార్డు, ఆధార్ పట్టుకొని ఆడికి పో. తెలంగాణల 2023 డిసెంబర్ సంది పరిమితి పది లక్షలు. ఆంధ్ర కార్డు అయితే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, ఆ రూల్స్ వేరు. వైద్యం ముందు మొదలువెట్టి అప్రూవల్ తర్వాత అడుగుతమంటే కుదరదు. బయట ల్యాబుకు పంపే జన్యు పరీక్షలు ప్యాకేజీల ఉంటయా లేవా ముందే అడుగు, మాకు ఆడనే దెబ్బ పడ్డది. సరిపోకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి కింద ఎల్‌ఓసీ, అంటే ఖర్చు సర్కారు కడతదని దవాఖానకు లెటర్ ఇస్తరు. దవాఖాన నుంచి ఎస్టిమేషన్ లెటర్ తీసుకొని మీ ఎమ్మెల్యే ఆఫీసుల ఇయ్యాలె. పట్టు వదలకుండ తిరుగు.

ప్రకృతి_ప్రియ | శుక్రవారం మధ్యాహ్నం 1:12
ఎవరూ అసలు కారణం చెప్పడం లేదు. సెల్‌ఫోన్ రేడియేషన్! ఆపరేషన్, కీమో శరీరాన్ని నాశనం చేస్తాయి. చక్కెర పూర్తిగా మానేసి, తిప్పతీగ రసం, బొప్పాయి ఆకు రసం, పసుపు కషాయం 40 రోజులు ఇస్తే గడ్డ కరుగుతుంది. వివరాలకు నాకు మెసేజ్ చేయండి.

వేదిక నిర్వాహకుడు | శుక్రవారం మధ్యాహ్నం 2:00
మెసేజ్ చేయమనే వైద్యం ఇక్కడ కుదరదు, ఇది ఆఖరి హెచ్చరిక. సెల్‌ఫోన్ సంగతికొస్తే, 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని "కారణం కావచ్చేమో" అనే కోవలో పెట్టింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద సమీక్షలో సంబంధం కనబడలేదు. ఆ చర్చకి వేరే దారం తెరుచుకోండి.

తెనాలి_లక్ష్మి | శుక్రవారం మధ్యాహ్నం 2:31
పసుపు కూరలో వేసుకుంటే ఎవరూ కాదనరు. కీమో నడుస్తుండగా డాక్టరుకి చెప్పకుండా కషాయాలు పోస్తే రేపు లివర్ పరీక్ష తేడాగా వచ్చినప్పుడు అది మాత్ర వల్లో కషాయం వల్లో ఎవరికీ తెలియదు. అప్పుడు ఆపేది మాత్రనే.

కిన్నెరసాని | తర్వాతి గురువారం రాత్రి 8:48
సోమవారం ఆపరేషన్ అయింది. ఆరోగ్యశ్రీలోనే, పాలమూరన్నకి దండాలు. లోపల లేపినప్పుడు బొమ్మల పేర్లు అన్నీ చెప్పాడట. చివర్లో మాట తగ్గిందట. బయటికొచ్చిన మర్నాటి నుంచి అసలు మాట్లాడటం లేదు! కళ్ళు తెరిచి చూస్తున్నాడు, చెప్పింది అర్థమవుతోంది, నోరు విప్పడు. కుడి చెయ్యి కదపడు. నర్సు గట్టిగా గిల్లితే మాత్రం చెయ్యి లాక్కున్నాడు. అక్క ఏడుపు ఆపడం లేదు, మెలకువ ఆపరేషన్‌కి ఒప్పుకోవడమే తప్పయిందంటోంది. డాక్టరు గారు వస్తుంది అంటున్నారు, ఎందుకొస్తుందో చెప్పే తీరిక ఆయనకి లేదు.

కత్తిగాటు | తర్వాతి గురువారం రాత్రి 10:05
చెయ్యి లాక్కున్నాడు కదా, మీరు రాసినదాంట్లో ముఖ్యమైనది అదే. నరాల దారి తెగిపోతే గిల్లినా కదలదు.

ఫ్రంటల్ లోబ్ లోపలి వైపు, మధ్యగీతకి దగ్గరగా, సప్లిమెంటరీ మోటార్ ఏరియా అని ఒక చోటుంది. కదలాలి, మాట్లాడాలి అనే పనిని మొదలుపెట్టేది అది. అక్కడ గడ్డ తీశాక చాలామందికి సరిగ్గా ఇలాగే అవుతుంది: అర్థమవుతుంది, మాట మొదలవదు, ఎదుటి వైపు చెయ్యి కాలు పడుకుంటాయి. రెండో వైపు మెదడు ఆ పని అందుకునేసరికి వారాలు, కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఎక్కువమందికి దాదాపు పూర్తిగా తిరిగొస్తుంది. చిన్న చిన్న పనుల్లో, రెండు చేతులూ కలిపి చేసేవాటిలో కొంచెం నెమ్మది మిగలొచ్చు. మీ బావది అదేనా అన్నది ఆపరేషన్ తర్వాత తీసిన ఎమ్మారై చూసినవాళ్ళు చెప్పాలి. "ఎస్‌ఎంఏ సిండ్రోమా సార్?" అని రేపు రౌండ్లలో అడగండి, రెండు మాటల్లో జవాబు వస్తుంది. ఫిజియోథెరపీ మంచం మీదే మొదలుపెట్టించండి.

కిన్నెరసాని | ఆదివారం ఉదయం 7:20
అడిగా. అదే అన్నారు! నిన్న సాయంత్రం చిన్నోడు వీడియో కాల్‌లో కనబడితే "తిన్నవా" అన్నాడు. రెండు రోజుల్లో డిశ్చార్జి.

కిన్నెరసాని | పదకొండు రోజుల తర్వాత, రాత్రి 9:33
బయాప్సీ వచ్చింది. ఒలిగోడెండ్రోగ్లయోమా, గ్రేడ్ 3. ఐడీహెచ్1 పాజిటివ్, అంటే మీరు చెప్పిన ఆ జన్యువులో మార్పు ఉందట. కింద "1పీ, 19క్యూ కోడెలిషన్ కోసం ఫిష్ పరీక్ష చేయించాలి" అని ఉంది. గ్రేడ్ 3 అంటే మూడో స్టేజీ క్యాన్సరా? ఆ పరీక్ష ఇక్కడ లేదు, బయట ల్యాబుకి పంపాలన్నారు. ఇంత ఖర్చు పెట్టి చేయించాలా? ఎలాగూ రేడియేషన్ ఇస్తారు కదా అంటున్నాడు పెదనాన్న.

కత్తిగాటు | పదకొండు రోజుల తర్వాత, రాత్రి 11:48
చేయించండి. ఈ కేసులో డబ్బు పెట్టాల్సిన పరీక్ష ఏదైనా ఉందంటే ఇదే. ఆపరేషన్లో తీసిన ముక్కని మైనం దిమ్మలో భద్రపరుస్తారు, పారాఫిన్ బ్లాక్ అంటారు. ల్యాబు నుంచి బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకోండి, అవి మీవే. మళ్ళీ ఆపరేషన్ అక్కర్లేదు.

గ్రేడు, స్టేజీ వేరు. మెదడు గడ్డలకి ఒకటి రెండు మూడు స్టేజీలు ఉండవు. గ్రేడు అంటే కణాలు ఎంత చురుగ్గా ఉన్నాయన్నది.

ఫిష్ అంటే క్రోమోజోముల్లో ముక్కలు పోయాయా అని చూసే పరీక్ష. ఒకటో క్రోమోజోము పొట్టి చెయ్యి (1పీ), పంతొమ్మిదో క్రోమోజోము పొడుగు చెయ్యి (19క్యూ), రెండూ పోయి ఉంటేనే అది ఇప్పటి లెక్కలో అసలైన ఒలిగో. ఇలాంటి గ్రేడ్ 3 గడ్డల మీద రెండు పెద్ద ట్రయల్స్ ఉన్నాయి, ఒకటి అమెరికా, కెనడాలది, ఒకటి యూరప్‌ది. 1990ల్లో మొదలయ్యాయి. ఒట్టి రేడియేషన్ ఒక గుంపుకి, దాంతోపాటు పీసీవీ అనే మూడు మందుల కీమో ఇంకో గుంపుకి. 2006లో చూస్తే బతికిన కాలంలో తేడా లేదు. కీమో దండగ అనుకున్నారు కూడా. ఆపకుండా ఇంకా ఏళ్ళ తరబడి చూశారు. 2013కి అమెరికా ట్రయల్లో ఈ రెండు ముక్కలూ పోయినవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు రేడియేషన్ ఒక్కటే అయితే 7.3 ఏళ్ళు, పీసీవీతో కలిపితే 14.7 ఏళ్ళు. నెలలు కాదు, ఏళ్ళు. యూరప్ ట్రయల్లోనూ పీసీవీ గుంపు పద్నాలుగేళ్ళు దాటింది.

మధ్యస్థం అంటే అందులో సగం మంది అంతకంటే ఎక్కువ బతికారని కూడా. బావకి ఇన్నేళ్ళని దీన్నుంచి ఎవరూ లెక్క తీయలేరు. కానీ మొదటి రాత్రి ఫోన్లో చూసిన అంకె ఆయనది కాదు.

మొగలిరేకు | మర్నాడు ఉదయం 5:55
చదివి ప్రాణం లేచొచ్చింది తల్లీ. ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. ఈ దారం రేపు గ్లయోబ్లాస్టోమా వచ్చినవాళ్ళు కూడా చదువుతారు, వాళ్ళకి ఒలిగో కథ ఒక్కటే మిగిలితే న్యాయం కాదు.

మా ఆయనకి కుడి టెంపొరల్‌లో, అంటే చెవి వైపు భాగంలో. ఐడీహెచ్ మార్పు లేదు, ఎమ్‌జీఎమ్‌టీ మిథైలేషన్ లేదు. అంటే టెమోజోలమైడ్‌కి అంతగా లొంగని రకం. అయినా ఆపరేషన్, ఆరు వారాల రేడియేషన్, మాత్రలు అన్నీ చేయించాం. ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చింది. బెవాసిజుమాబ్ అనే ఇంజక్షన్ ఇచ్చారు, వాపు తగ్గి కొన్నాళ్ళు నడిచాడు. ఆయుష్షు పెంచదని డాక్టరు ముందే చెప్పే ఇచ్చాడు. ఆఖర్న పాలియేటివ్ కేర్ వాళ్ళు ఇంటికొచ్చి చూశారు. నొప్పి లేకుండా వెళ్ళాడు.

మా అత్తగారు దాచమన్నారు. నేను దాచలేదు. ఆయనకి మతి బాగున్నప్పుడే బ్యాంకు సంతకాలు, పొలం కాగితాలు, పాప చదువు సంగతి అన్నీ ఆయనే కూర్చుని చేశాడు. ఇంకో ఆర్నెల్లు ఆగి ఉంటే సంతకం కుదిరేది కాదు. కిన్నెరసానీ, అక్కకి, బావకి ఎంతవరకు తెలుసు?

కిన్నెరసాని | మర్నాడు రాత్రి 10:12
అక్కకి తెలుసు. బావకి "గడ్డ తీసేశారు, మందులు వాడితే చాలు" అని చెప్పాం. పెదనాన్న, మామ ఒట్టు పెట్టించారు. ఇప్పుడు మాట చాలావరకు వచ్చింది, బస్సు ఎప్పుడెక్కాలని రోజూ అడుగుతున్నాడు.

పాలమూరోడు | మర్నాడు రాత్రి 10:40
బస్సు ముచ్చట మాత్రం ఇయ్యాలనే చెప్పున్రి. లైసెన్సు ఫారం 1ల మూర్ఛ ఉన్నదా అని సీదా అడుగుతరు. ఎనక పిల్లలు కూసునే బండి. స్కూలోళ్ళతోని మాట్లాడి అటెండరో, వాచ్‌మనో ఇంకో పని అడుగున్రి.

తెనాలి_లక్ష్మి | రెండో రోజు ఉదయం 9:02
చెప్పకుండా రేడియేషన్ గదికి ఎలా తీసుకెళ్తారమ్మా? బోర్డు మీద ఏం రాసుందో చదవలేడా ఆయన? పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్ళే చెప్పేస్తారు. అలా తెలిస్తే ఇక మీ అందరి మాటా నమ్మడు. డాక్టరు ముందర, అక్క పక్కన ఉండగా చెప్పించండి. అడిగినంతే చెప్పమనండి.

కిన్నెరసాని | మూడు వారాల తర్వాత, సాయంత్రం 6:17
ఫిష్ వచ్చింది. రెండూ పోయాయి! ఇంత సంతోషంగా రిపోర్టు చదవడం ఇదే మొదలు. బావకి డాక్టరు గారే చెప్పారు. చాలాసేపు నేల చూసి, బస్సు తాళాలు ఓనర్‌కి ఇచ్చేశారా అని అడిగాడు, అంతే. రేడియేషన్ 33 రోజులట, తర్వాత కీమో. పీసీవీనా టెమోజోలమైడా అన్నది డాక్టర్లంతా కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డులో చూస్తామన్నారు. మాస్కు అంటున్నారు, అదేంటి? ఆయనకి ఇరుకు గదుల్లో ఊపిరాడదు.

లీనాక్_అన్న | మూడు వారాల తర్వాత, రాత్రి 7:50
రేడియేషన్ టెక్నాలజిస్టుని. జనం కరెంటు పెట్టడం అంటారు, ఆ మాటకే సగం భయపడతారు. నొప్పి, మంట, షాకు ఏమీ ఉండవు. మాస్కు అంటే వేడినీళ్ళలో మెత్తబడే వలలాంటి ప్లాస్టిక్. మొహం మీద పరిస్తే అచ్చులా గట్టిపడుతుంది, తల కదలకుండా. చిల్లులుంటాయి, గాలి బాగా ఆడుతుంది. బల్ల మీద మొత్తం పది, పదిహేను నిమిషాలే. ఇరుకు భయం ఉందని మాస్కు చేసే రోజే చెప్పండి, కళ్ళ దగ్గర కత్తిరించి ఇస్తాం. రెండో మూడో వారంలో ఆ వైపు జుట్టు ఊడుతుంది. నీరసం ఆఖరి వారాల్లో, అయిపోయాక ఇంకొన్ని వారాలు. శని, ఆదివారాలు సెలవు కాబట్టి 33 అంటే దాదాపు ఏడు వారాలు. హైదరాబాద్‌లోనే ఉండేలా చూసుకోండి, రోజూ కొత్తగూడెం నుంచి కుదరదు.

కత్తిగాటు | మూడు వారాల తర్వాత, రాత్రి 11:15
పీసీవీ అయితే ఆరు వారాలకొక సైకిల్. రక్తకణాలు ఆలస్యంగా, నాలుగు వారాల తర్వాత కూడా పడిపోతాయి, రక్తపరీక్షలు దాటవేయకండి. అందులో ప్రోకార్బజిన్ వాడే రోజుల్లో మద్యం తాగకూడదు, నిల్వ చీజు, బాగా పులిసినవి వద్దు. టెమోజోలమైడ్ వేసుకోవడం తేలిక, చాలాచోట్ల అదే ఇస్తారు. పదిహేనేళ్ళు వెంటాడి చూసిన లెక్క ఉన్నది మాత్రం పీసీవీకే. బోర్డులో ఈ ప్రశ్న మీరే అడగండి.

ఇంకొకటి ఇప్పుడే రాసి పెట్టుకోండి. రేడియేషన్ అయ్యాక మొదటి మూడు నెలల్లో తీసే ఎమ్మారైలో ఆ చోటు పెద్దదైనట్టు, మెరిసినట్టు కనబడొచ్చు. కొందరికి అది గడ్డ పెరగడం కాదు, రేడియేషన్ వల్ల వచ్చిన వాపు. మనిషి బాగుంటే వెంటనే మందు మార్చకుండా కొన్ని వారాలాగి మళ్ళీ స్కాన్ తీస్తారు. ఆ రిపోర్టు పట్టుకుని అర్ధరాత్రి ఫోన్లో వెతక్కండి.

కిన్నెరసాని | మూడు వారాల తర్వాత, రాత్రి 11:32
సరే డాక్టరు గారూ. ఏడు వారాలు ఉండటానికి ఎర్రగడ్డ, లక్డీకాపూల్ వైపు వంట చేసుకునే వీలుండే రూము ఎవరికైనా తెలుసా? అక్క, బావ ఇద్దరే ఉంటారు.

పాలమూరోడు | మూడు వారాల తర్వాత, రాత్రి 11:41
లక్డీకాపూల్ దిక్కు నేను చూసి పెడ్త, నంబరు మెసేజ్‌ల పంపు. పేషెంటోళ్ళకు నెల లెక్కన ఇచ్చే రూములున్నయి, గ్యాస్ పొయ్యి ఉంటది. మెట్లు లేని కింది పోర్షనే అడుగుదం, కుడికాలు ఇంక తడబడుతుండొచ్చు.